చెదలు తిన్న పుస్తకం

బాపు పోయిన తర్వాత నిజామాబాద్ ఇంట్లో ఆయన రేకుపెట్టె తెరవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. దుఃఖంతో చేతులు రాలేదని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది కానీ, అసలు సంగతి తాళంచెవి దొరకకపోవడం. చివరికి తాళం పగలగొట్టిస్తే లోపల పెద్దగా ఏమీ లేదు. ఫ్యాక్టరీ లాబ్‌లో తొడుక్కునే ఖాకీ చొక్కాలు రెండు, ఒక కొస ఎరుపు ఇంకో కొస నీలం ఉండే పెన్సిలు ముక్కలు ఒక డబ్బానిండా, మూడు పుస్తకాలు. ఒకటి నీలం అట్ట ఇంగ్లీషు పుస్తకం, మోర్మన్లు తమ పవిత్ర గ్రంథమని చెప్పుకునేది. రెండోది మా ఇంటి నల్ల అట్ట బైబిలు. ఈ రెండూ నేనెరిగినవే. మూడోది గోనెగుడ్డలో చుట్టి పురికొసతో కట్టి ఉంది. విప్పితే పొడిపొడి అయిన వేపాకు నా ఒళ్ళో రాలింది. అది మా ఇంటి పాత బైబిలు. దాన్ని చెదలు తిన్నాయని నా ఆరో ఏటి నుంచీ వింటూ వచ్చాను. తిప్పి చూస్తే ఒక్క పేజీకి కూడా చెద పట్టలేదు.

ఆ మూడు పుస్తకాల వెనక ఒకే ఒక్క తగాదా ఉంది. నా పదకొండో ఏట మొదలై పదమూడో ఏట ముగిసింది. ముగిసిందని అనుకున్నాను. తగాదా పైకి ఒక పుస్తకం ఎక్కడి నుంచి వచ్చిందన్నదాని మీద. లోపల మాత్రం తేలాల్సింది ఇంకొకటి: మా చిన్నాన్న, మేమనే కాక, మావాడా, కాడా. ఇప్పుడు బాపూ లేడు, కాకా లేడు. రాస్తే నొచ్చుకునేవాళ్లెవరూ మిగల్లేదు గనుక రాస్తున్నాను.

అప్పుడు మేము బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ లైన్లలో, అంటే కార్మికుల ఇళ్ల వరసల్లో, ఉండేవాళ్లం. బాపు పేరు దేవదాసు. చెరుకు రసంలో తీపి ఎంతో కొలిచే పని. బండ్ల మీద వచ్చిన చెరుకును తీసి, రసం పిండి, పొడుగాటి గాజుపాత్రలో పోసి, అందులో తేలే గొట్టం ఎక్కడ నిలబడిందో చూసి రాసేవాడు. మొదటిసారి చూసింది నమ్మేవాడు కాదు. పారబోసి ఇంకొక గడ పిండించేవాడు. ఆ బుద్ధి ఇంట్లో కూడా పోలేదు. పాలవాడి పాలు, కిరాణాకొట్టు చింతపండు, పాస్టరు గారి ప్రసంగం, అన్నీ రెండుసార్లు పరీక్షకు నిలబడాల్సిందే. చెరుకు ఆడే సీజను వస్తే ఊరంతా, చక్కెర తీశాక మిగిలే మడ్డి వాసన. కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మాకేమో సీజను అయిపోయి ఆ వాసన ఆగిపోతేనే ఏదో తక్కువైనట్టు ఉండేది. ఫ్యాక్టరీ పొయ్యిలో చెరుకు పిప్పి మండిన మసి తీగ మీద ఆరేసిన బట్టల మీద నల్లగా రాలేది. ఆదివారం గుడికి కట్టుకునే తెల్లబట్టలు మాత్రం అమ్మ ఇంట్లోనే, మంచం మీద పరిచి ఆరబెట్టేది. మేము క్రైస్తవులం. చర్చిని మా వైపు గుడి అనే అంటాం.

బాపును కన్నతల్లిని ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలిచేవాళ్లం. అవ్వకు చదువు రాదు. కానీ బైబిలులో ఏ మాట ఏ పక్క ఉందో, కుడి పేజీనా ఎడమ పేజీనా అన్నది చెప్పగలిగేది, చదివి వినిపించిన మనిషి వేలు ఎక్కడుందో చూసి గుర్తు పెట్టుకునేది కాబట్టి. పొద్దున జొన్నగటక కలుపుతూ ఏదో ఒక కీర్తన బతుకమ్మ పాట వరసలో పాడుకునేది. ఆ వరస తప్పని ఎవరైనా అంటే, దేవుడు కూడా ఈ దిక్కోడే కదా అనేది. బాపు తమ్ముడు దానయ్య. అతన్ని నేను కాక అనేదాన్ని. అవ్వకు కాక మీద ఒక పాలు ప్రేమ ఎక్కువ. రొట్టెల్లో బాగా పొంగిన రొట్టె కాకకే పోయేది, బాపు అది చూసీ చూడనట్టు ఉండేవాడు.

మా వైపు క్రైస్తవ ఇళ్లలో ఒక అలవాటు ఉంది. బైబిలు మొదట్లో ఉండే ఖాళీ కాగితం మీద ఇంటి పుట్టుకలు, బాప్తిస్మాలు, చావులు రాసిపెట్టుకుంటారు. చాలా ఇళ్లలో ఇంకో రుజువు ఉండదు. పెళ్లి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు కూడా, నీళ్లు తాగిన తర్వాత, ఒకసారి బైబిలు తెమ్మంటారు. నాకు ఆరేళ్లప్పుడు కాకకు మోర్తాడ్ నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్లు వచ్చే ముందు ఆదివారం బాపు కొత్త బైబిలు కొనుక్కొచ్చాడు. పాతదాన్ని చెదలు తిన్నాయని చెప్పాడు. లైన్లలో చెదలు తినని సామాను లేదు, ఎవరూ వింతపడలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక చాప మీద కూర్చుని, లాబ్ నుంచి తెచ్చిన సిరాతో ఆ మొదటి కాగితం నింపాడు. అవ్వ పక్కన కూర్చుని చింతకాయలు కొడుతూ ఒక్కొక్కటే చెప్పింది, బాపు రాశాడు. ఎదురుగా చూసి రాయడానికి ఏ పుస్తకమూ లేదు. చివర నా పేరు రాసేటప్పుడు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. మోర్తాడ్ సంబంధం కుదరలేదు. కాకకు మళ్ళీ పెళ్లి మాట రాలేదు. కాగితం మాత్రం ఉండిపోయింది.

ఆ తర్వాత కాక హైదరాబాదులో ఒక వర్క్‌షాపులో పనికి కుదిరాడు. అక్కడ అద్దెకున్న వాడకట్టులో ఒక కుటుంబం ఆదివారాలు తమ ఇంట్లోనే ప్రార్థన పెట్టుకునేది. పదిహేను ఇరవై మంది వచ్చేవాళ్లట. చాయ్ తాగరు, సిగరెట్టు ముట్టరు, ఒకరినొకరు అన్నా అక్కా అని పిలుచుకుంటారు. వాళ్లు మోర్మన్లు. ఆ పేరు మా లైన్లలో అంతకు ముందు ఎవరూ వినలేదు. నా పదకొండో ఏట, సీజను మొదట్లో కాక ఇంటికి వచ్చినప్పుడు సంచిలో నీలం అట్ట పుస్తకం ఉంది. దానితోపాటు తెలుగులో అచ్చయిన పల్చటి భాగం ఒకటి. అమ్మ ఇచ్చిన చాయ్ వద్దన్నాడు. మా ఇంట్లో చాయ్ వద్దన్న మొదటి మనిషి మా కాకే. అమ్మ జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

మధ్యాహ్నం అందరూ కూర్చున్నాక చెప్పాడు. అమెరికాలో నూటయాభై ఏళ్ల కిందట ఒక రైతు కొడుకు ఉండేవాడట, పెద్దగా చదువుకోనివాడు. దేవదూత కనిపించి ఒక గుట్ట చూపించాడట. ఆ గుట్టలో బంగారు రేకుల మీద చెక్కిన పుస్తకం ఉంది. పాతకాలంలో యెరూషలేము నుంచి ఓడలో పోయి అక్కడ స్థిరపడ్డ జనం కథ అది. ఆ యువకుడు దేవుని శక్తితో, ఒక రాయిని టోపీలో పెట్టి అందులోకి చూస్తూ నోటితో చెప్తుంటే ఇంకొకరు రాసుకున్నారు. మూడు నెలలు కూడా పట్టలేదు. రేకులను కళ్లారా చూశామని పదకొండుమంది సాక్ష్యం రాసిచ్చారు. తర్వాత రేకులు దేవదూత తీసుకుపోయాడు. కాక ఇదంతా గొంతు పెంచకుండా, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాడు. బాపు చివరిదాకా విని ఒకే మాట అడిగాడు.

"అసలుది ఏది?"

"దేవదూత కొంటవోయిండన్న."

బాపు నవ్వాడు. ఆ నవ్వుతో కాకకు చెవులు ఎర్రబడటం నాకు బాగా గుర్తు.

అక్కడినుంచి రెండు సీజన్లు మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. కాక నెలకో రెండు నెలలకో వచ్చేవాడు. బాపు నీలం పుస్తకం తన దగ్గరే పెట్టుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఎర్రనీలం పెన్సిలుతో పరీక్షకు దిగాడు. బైబిలులో ఉన్న మాటే ఉంటే ఎర్రగీత. లేనిది అయితే నీలంగీత. పేజీలకు పేజీలు ఎర్రబడ్డాయి. పాత ప్రవక్తల మాటలు వరసకు వరస అలాగే ఉన్నాయని, ఇంగ్లీషు బైబిలు ముందు పెట్టుకుని చూపించేవాడు. బాపు వాదన ఇది: ఆ యువకుడు బుద్ధిమంతుడు, బైబిలు నోటికి వచ్చినవాడు, తన కాలంలో ఊళ్ళో జనం మాట్లాడుకునే సంగతులన్నీ కలిపి తానే అల్లాడు. కాక జవాబు: ఒకే దేవుడు రెండు చోట్ల ఒకే మాట చెప్పకూడదా. బాపు గుర్రాల సంగతి ఎత్తేవాడు, అమెరికాలో ఆ కాలంలో గుర్రాలే లేవని ఎక్కడో చదివాడు. ఇంకా దొరకలేదేమో, తవ్వుతున్నారు కదా అనేవాడు కాక. ఒకసారి బాపు పుస్తకమంతా చెరుకు కోసం వెతికాడు. అమెరికాకు చెరుకు తెల్లవాళ్ల ఓడల్లో తర్వాతెప్పుడో పోయింది, అది ఆయన విద్య. పుస్తకంలో చెరుకు కనిపిస్తే పట్టుబడ్డట్టే. కనిపించలేదు. గంత వరకు బాగనే రాసిండు అని ఒప్పుకున్నాడు. అది ఒప్పుకోవడమో తిట్టడమో కాకకు అర్థం కాలేదు.

బాపు అన్నింటికంటే గట్టిగా పట్టుకున్నది పోయిన కాగితాల సంగతి. ఆ యువకుడు మొదట చెప్పి రాయించిన నూరుకు పైగా కాగితాలు సాక్షుల్లోనే ఒకడు తన ఇంటికి తీసుకుపోయి పోగొట్టాడట. ఆ భాగాన్ని ఆయన మళ్ళీ చెప్పలేదు. శత్రువులు వాటిని మార్చి తన మాట అబద్ధమని చూపిస్తారు కాబట్టి వద్దని దేవుడు చెప్పాడట. దాని బదులు అదే కాలం కథ ఉన్న వేరే రేకులు అనువదించాడు. ఈ సంగతి మోర్మన్లే దాచకుండా చెప్పుకుంటారు. బాపుకు అది చాలు. రసం మళ్ళీ పిండితే గొట్టం మళ్ళీ అక్కడే నిలబడాలి. దేవుడు చెప్పిందయితే రెండోసారి కూడా పొల్లుపోకుండా రావాలి. రాదని భయపడ్డాడు కాబట్టే చెప్పలేదు. దీనికి కాక ఒక్కసారి మాత్రం అన్నాడు, "అన్నా, నువ్వు గా పుస్తకాన్ని లాబుల పెడ్తున్నవ్. నేను దాన్ని సదివి రెండేండ్లాయె, కల్లు ముట్టలే. గది గూడ పరీక్షనే గద." బాపు పెన్సిలు చెక్కుకున్నాడు.

ఊళ్ళోకి ఈ ముచ్చట పాకడానికి ఎంతో కాలం పట్టలేదు. మా పాస్టరును అందరూ అయ్యగారు అనేవాళ్లు. ఆయన ఎక్కడినుంచో ఒక కరపత్రం తెప్పించాడు. అందులో మరో వాదన. ఆ పుస్తకం ఆ యువకుడిది కూడా కాదు, ఒక ముసలి బోధకుడు రాసి అచ్చు వేయించుకోలేక చచ్చిపోయిన కథను ఎత్తుకొచ్చి దేవుని పేరు తగిలించారని. బాపుకు ఈ వాదన నచ్చలేదు. ఆ యువకుడిది కాదంటే రుజువు చూపించాలి, ఆ ముసలాయన కాగితాలు ఏవి అని అయ్యగారినే అడిగాడు. ఎదుటివాడు ఎవరైనా బాపుది అదే ప్రశ్న. సంఘపెద్ద సామ్యేలు రిటైరయిన టీచరు, గీత గీసినట్టు మాట్లాడే మనిషి. ఆయన దృష్టిలో ఇంత చర్చ అక్కర్లేదు, అది సాతాను రాయించినది, కాల్చేస్తే సరి. వర్ని నుంచి చెరుకు బండ్లతో వచ్చే గంగారెడ్డి అనే రైతు బండి ఫ్యాక్టరీ ముందు వరసలో ఉన్నంతసేపు మా గోడ మీద కూర్చునేవాడు. మా ఇంట్లో నీళ్లు కూడా తాగేవాడు కాదు, ముచ్చట మాత్రం కావాలి. ఆయన అంతా విని, మా ఊళ్ళె పురాణం ఎవలు రాసిండ్రని ఎవలడగరు, కాలువకు నీళ్లెప్పుడిడుస్తరని అడుగుతరు అన్నాడు.

ఇక అవ్వ. ఆమె ఈ వాదనలన్నీ చింతపండు పిక్కలు తీస్తూ వినేది. ఒకనాడు, సదువు రానోడు నోటితోని చెప్తె ఇంకొగలు రాసిండ్రంటె అండ్ల ఇచ్చిత్రమేమున్నది, నేను గూడ గట్లనే రాయించిన గద అంది. మేమందరం నవ్వాం. బాపు నవ్వలేదు. దేని గురించి అంటున్నదో అప్పుడు నేను అడగలేదు.

అవ్వ ఆ రెండో సీజను మధ్యలో పోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. సమాధుల తోటలో మట్టి వేశాక కాక అక్కడే నిలబడ్డాడు. ఆమె ఎడమ పక్క ఖాళీ చూపించి, "గిక్కడ నాకు జాగ ఉంచన్న" అన్నాడు. బాపు తల ఊపాడు. సామ్యేలు అది విన్నాడు. వారం తిరక్కముందే సంఘంలో మాట లేచింది. సమాధుల తోట సంఘం వాళ్లది. మోర్మన్ల పుస్తకాన్ని దేవుని మాట అనేవాడు సంఘంవాడెలా అవుతాడు. రిజిస్టరులోంచి దానయ్య పేరు కొట్టెయ్యాలి, లేదా ఆ పుస్తకం మనిషి అల్లిన అబద్ధమని దానయ్య సంతకం పెట్టాలి. పేరు పోతే జాగా కూడా పోతుంది. కాకకు పెళ్లాం లేదు, పిల్లలు లేరు. ఈ లోకంలో అతను అడిగినదల్లా అవ్వ పక్కన ఆరడుగులు.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి వరండాలో చాపలు వేశారు. ఆడవాళ్లం మెట్ల మీద నిలబడ్డాం. అయ్యగారు మంచివాడు, ఆయనకు ఈ పని ఇష్టం లేదని మొహం చూస్తేనే తెలుస్తుంది. కాగితం కాక ముందు పెట్టాడు. కాక చదివాడు, మడిచాడు, తిరిగి ఇచ్చాడు.

"బైబిలును నమ్ముతున్న అని నూరుసార్లు రాస్త అయ్యగారూ. గా పుస్తకం ఎవలో అల్లిండ్రని మాత్రం నాకెర్క లేదు. ఎర్క లేనిదాని కింద దస్కత్ ఎట్ల పెడ్త?"

బతిమాలారు. కోప్పడ్డారు. కాక అదే మాట. అప్పుడు సామ్యేలు బాపు వైపు తిరిగాడు.

"పోనియ్ దేవదాసూ. వాడు మీ రక్తమా ఏమన్ననా? మరాఠోళ్ల గుడిసెల కాడ దొరికినోనికి మీ అవ్వ పక్కన జాగ ఎందుకు?"

అంతమందిలో ఆ మాట అంతకు ముందు ఎవరూ అనలేదు. చెరుకు కోతలకు ప్రతి ఏడూ మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే కూలీలు ఫ్యాక్టరీ వెనక గుడిసెలు వేసుకునేవాళ్లు. పెద్దవాళ్లలో కొందరికి ఏదో తెలుసునని, అందరూ నోరు మూసుకుని ఉన్నారని, ఆ క్షణంలో వాళ్ల మొహాలు చూసి నాకు తెలిసింది. కాక తల వంచుకున్నాడు, కానీ ఆశ్చర్యపోలేదు.

బాపు లేచి చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి వెళ్లాడు. నల్ల అట్ట బైబిలుతో వచ్చాడు. మొదటి కాగితం తెరిచి అయ్యగారి ముందు పెట్టాడు. పెద్దకొడుకు దేవదాసు. చిన్నకొడుకు దానయ్య. వాటి కింద బాపు పెళ్లి, నేను. అయ్యగారు చదివి సామ్యేలుకు ఇచ్చాడు. ముప్పై ఏళ్లు కాపీలు దిద్దిన మనిషి. కళ్లద్దాలు పైకి జరిపి, కాగితాన్ని వెలుగుకు పెట్టి చూశాడు.

"అన్నీ ఒక్క సిరాతోని ఉన్నయ్. ఒక్క చెయ్యి, ఒక్క పూట. నీ పుట్టుక, నీ బిడ్డ పుట్టుక ఒక్కనాడే రాసినట్టున్నది. అసలుది ఏది?"

రెండేళ్లుగా బాపు అవే రెండు మాటలు అందరినీ అడుగుతూ వచ్చాడు. వరండాలో ఉన్న ప్రతి ఒక్కరికీ అది గుర్తుకు వచ్చి ఉంటుంది. కాక ఒక్కడే తల ఎత్తి బాపు వైపు చూశాడు.

"చెదలు తిన్నయ్," అన్నాడు బాపు.

ఆయన గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. అయ్యగారు పుస్తకం తీసుకుని మూశాడు. దేవుని పుస్తకంల దేవదాసు రాసింది నాకు చాలు, దీని మీద ఇంక పంచాయతి లేదు అన్నాడు. కాక పేరు రిజిస్టరులో ఉండిపోయింది. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు మాత్రం అతన్ని కొన్నాళ్లు రానివ్వలేదు. సామ్యేలు మా ఇంటి ముందు నుంచి పోవడం మానేశాడు.

ఆ రోజు తర్వాత మా ఇంట్లో నీలం పుస్తకం మాట ఎత్తినవాళ్లు లేరు. కాక వచ్చేవాడు, తినేవాడు, చాయ్ వద్దనేవాడు, పోయేవాడు. బాపు గుర్రాల గురించి అడగలేదు, పోయిన కాగితాల గురించి అడగలేదు. ఇద్దరికీ విసుగొచ్చిందనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు ఆ మధ్యాహ్నాలు లేకుండా పోయినందుకు కోపం వచ్చింది. వాదించుకుంటున్నంత కాలం వాళ్లిద్దరూ ఒకే చాప మీద కూర్చునేవాళ్లు. తర్వాత ఒకరు మంచం మీద, ఒకరు గడప దగ్గర.

పెట్టె తెరిచిన వారానికి నిజామాబాద్ బస్టాండు పక్కన నెట్ సెంటరులో కూర్చుని ఆ పుస్తకం గురించి వెతికాను. వాళ్లిద్దరూ రెండేళ్లు కొట్టుకున్నదంతా ఒక గంటలో నా ముందుకు వచ్చింది. ముసలి బోధకుడి కాగితాలు దొరికాయట, కథ ఎక్కడా పెద్దగా కలవలేదట. అయినా ఇంకోటేదో ఉండేదని నమ్మేవాళ్లున్నారు. బాపు చెప్పినట్టే బైబిలూ ఆ కాలపు మాటలూ కలిపి తానే అల్లాడని చాలామంది పండితులు అంటున్నారు. అంత తక్కువ రోజుల్లో ఎదురుగా కాగితం లేకుండా అంత పుస్తకం చెప్పడం ఎట్లా అని విశ్వాసులు అడుగుతున్నారు. రేకులు లేకపోయినా దేవుడు పలికించి ఉండవచ్చని మధ్యలో నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు. వాదనలన్నీ ఉన్నాయి, ఎవరూ ఒకే చాప మీద లేరు. నాకైతే ఆ యువకుడే అల్లాడనిపిస్తుంది, తాను అల్లుతున్నానని తనకు తెలుసో లేదో చెప్పలేను. బాపు కూతుర్ని, అంతకంటే ఎక్కువ నమ్మలేను.

ఇంటికి వచ్చి నీలం పుస్తకం తిరగేశాను. ఎర్రనీలం గీతలు సగం దాటాక హఠాత్తుగా ఆగిపోయాయి. అక్కడినుంచి చివరిదాకా గీత లేదు. కానీ పేజీల కింది మూలలు చివరి పేజీ వరకూ వేలిముద్రలతో నల్లబడి ఉన్నాయి. గుడి వరండాలో ఆ రోజు తర్వాత బాపు ఆ పుస్తకాన్ని పెన్సిలు లేకుండా చదివాడు.

ఆ తర్వాత పాత బైబిలు తెరిచాను. మొదటి కాగితం మీద చేతిరాత అప్పటి పాస్టరుది, అవ్వ కూర్చుని చెప్తుంటే రాసినది. బాపు పుట్టుక ఉంది. మధ్యలో పోయిన ఒక ఆడపిల్ల ఉంది. ఆ తర్వాత వేరే సిరాతో ఇలా ఉంది:

"ఈయేడు కోతలైనంక మరాఠోళ్ల గుడిసెల కాడ దొరికిండు. తల్లి సచ్చిపోయింది, తండ్రి ఎటు వోయిండో. ఏడికెల్లి వచ్చిండు, ఎవల పిలగాడు అని అడగకుండ్రి. నా చిన్నకొడుకని రాయి. పేరు దానయ్య."

ఆ పాస్టరు అవ్వ నోట్లోంచి పడ్డ మాట పడ్డట్టు రాసుకున్నాడు, రాయమని తనకు చెప్పిన మాటతో సహా. ఆమె అడిగినట్టు ఒట్టి చిన్నకొడుకని మాత్రం రాయలేదు. ఇరవై ఏళ్ల తర్వాత చాప మీద కూర్చుని ఆ పని చేసింది బాపు.

ఆ బైబిలు పట్టుకుని బోధన్ వెళ్లాను. ఫ్యాక్టరీ అమ్ముతారనీ మూసేస్తారనీ ఊళ్ళో ఒకటే మాట. సీజను రోజులే అయినా మడ్డి వాసన పల్చగా ఉంది. కాక హైదరాబాదు వదిలి చాలా ఏళ్లయింది, లైన్ల వెనక ఒక గదిలో ఉంటున్నాడు. చాయ్ మాత్రం ఇంకా ముట్టడు. పాత బైబిలు చేతిలో పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. చదివి ఆ చివరి వరసల మీద అరచెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

తనకు ముందే తెలుసునా అని అడిగాను. అవ్వ చెప్పిందట, పదేళ్లప్పుడు. చెప్పి, ఇంకెన్నడు నన్ను అడగకు అందట.

"మరి ఆ రోజు గుడిలో బాపు అబద్ధమాడుతున్నాడని నీకు తెలుసా కాకా?"

"తెల్సు బిడ్డా. గందుకే బంద్ చేసిన. నా కోసం అందరి ముందట అబద్ధమాడిన మనిషి తోని, నా పుస్తకమే నిజమని మల్ల ఎట్ల వాదిస్త?"

బాపు ఎందుకు మానేశాడో నాకు అప్పటికే తెలుసు: తన అసలుది దాచినవాడు ఇంకొకరిని అసలుది ఏదని అడగలేడు. కాక ఎందుకు మానేశాడో అప్పుడు తెలిసింది. ఇద్దరూ ఒకే అబద్ధానికి కట్టుబడి, ఒకరికొకరు చెప్పుకోకుండా, ఇరవై ఏళ్లు ఒకరి ఎదురుగా ఒకరు కూర్చున్నారు. నాకు ఏడుపు వచ్చింది. కాక నన్ను ఊరుకోమనలేదు. పుస్తకం గోనెగుడ్డలో మళ్ళీ చుట్టి, పురికొస ముడి వేసి నాకిచ్చాడు.

"తీస్కపోయి అన్న పెట్టెలనే పెట్టు. చెదలు తిన్నయనే ఉండనీ."

కాక పోయి ఇప్పటికి చాలా కాలమైంది. అవ్వకు ఎడమ పక్కన కాక, కుడి పక్కన బాపు. పుస్తకం మా ఇంట్లో ఆ రేకుపెట్టెలోనే ఉంది. ప్రతి ఏడూ వానలు మొదలయ్యే ముందు పెట్టె తెరిచి, పాత వేపాకు దులిపి కొత్తది వేస్తాను.